కోసిన మూల

“కోసిన మూల ఎడమ చేతికి.”

ప్లేటు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆమెకు ఆ మాట వినిపిస్తుంది. అన్న మనిషి ఆ గది విడిచి వెళ్ళి రెండేళ్ళయింది. మాట మాత్రం వెళ్ళలేదు. ఆయన కూర్చున్న కుంటి స్టూలు, ఫ్రీజరు తలుపు మీద గుండ్రటి అక్షరాలతో ఆయన రాసి అంటించిన “మెల్లగా వెయ్యండి, ఇది మీ అత్తగారింటి తలుపు కాదు” అన్న కాగితం, ఈ మాట, మూడూ ఆమెకు ఆస్తిలా సంక్రమించాయి.

ఆస్పత్రి వెనకవైపు రెండో అంతస్తులో ఉంది ఆ లాబ్. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కేన్సర్‌తో పోగా మిగిలినవాళ్ళు, తమకూ ఆ జబ్బు తెచ్చే జన్యువు వచ్చిందేమోనన్న భయంతో అక్కడికి వచ్చి రక్తం ఇచ్చి వెళతారు. నెల తిరిగాక “ఉంది” అనో “లేదు” అనో రిపోర్టు వెళుతుంది. ఈ మధ్యలో ఆ రక్తంలోంచి తీసిన డీఎన్ఏ చిన్న ట్యూబుల్లో ఆమె బల్ల మీదికి వస్తుంది. ఒక్కో ట్యూబులోంచి ఒక్కో బొట్టు తీసి ప్లేటులో దానికి కేటాయించిన గుంటలో వెయ్యడం ఆమె పని. ప్లేటంటే అరచేతి కన్నా కాస్త పెద్దదైన ప్లాస్టిక్ పలక. ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు గుంటలు. మొట్టమొదటి గుంటా, చిట్టచివరి గుంటా ఖాళీగా వదిలెయ్యాలి. యంత్రం సరిగ్గా చదువుతోందో లేదో చూసుకోడానికి పక్కగదివాళ్ళు ఒకదాంట్లో ఉత్త నీళ్ళూ, ఇంకోదాంట్లో తెలిసిన డీఎన్ఏ వేసుకుంటారు. మిగిలిన తొంభై నాలుగు గుంటలూ తొంభై నలుగురు మనుషులు. గుంటలకి మొహాలుండవు. ఎవరు ఎక్కడున్నారో చెప్పేది కాగితం ఒక్కటే. ప్లేటు తలకిందులు కాకుండా గుర్తుకోసం ఒక మూల కోసి ఉంటుంది. ఆ మూల ఎడమ చేతివైపు ఉండాలి. అక్షరాలు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి కాబట్టి ఆ గదిలో అందరూ మూలనే నమ్ముతారు.

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. బయోఇన్ఫర్మాటిక్స్‌లో పై చదువుకి అర్జీ పెట్టుకుంటోంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు. గుంటల్లో బొట్లు వేసే చేతి పనిలోంచి, ఆ బొట్లు ఏం చెబుతున్నాయో చదివే పనిలోకి వెళ్ళాలని ఆమె ఆశ. రెండేళ్ళు సెలవు రోజులన్నీ ప్రోగ్రాములు నేర్చుకోవడానికే సరిపోయాయి. పరిచయ ఉత్తరాలు మూడు కావాలి. కాలేజీ లెక్చరర్లు ఇద్దరూ పంపేశారు. మూడోది లాబ్ పెద్ద అయిన డాక్టరు మేడం రాయాలి. మూడూ చేరకపోతే అర్జీ తెరిచి కూడా చూడరు.

అర్జీతోపాటు సొంతంగా చేసిన పని ఒకటి చూపించాలి. ఆమె ఒక ప్రోగ్రాం రాసింది. డీఎన్ఏలో ఆడా మగా తెలిసిపోతుంది. కాగితం మీద మగవాడని ఉండి గుంటలో ఆడమనిషి డీఎన్ఏ ఉందంటే ట్యూబు మారినట్టే. పేర్లు తీసేసిన పాత వివరాల మీద నడిపి చూసుకోమని మేడం అనుమతి ఇచ్చింది. మూడేళ్ళ ప్లేట్లు, రెండు వందల పన్నెండు. ఒక్కో ప్లేటు ఎదురుగా పొంతన కుదరని గుంటల లెక్క సున్నా, సున్నా, సున్నా అని పడుతుంటే ఆమెకు తన చేతిని తనే ముద్దు పెట్టుకోవాలనిపించింది. “రెండేళ్ళుగా నా చేతి మీద ఒక్క ట్యూబు కూడా తారుమారు కాలేదు” అని అర్జీ వ్యాసంలో రాసుకున్న వాక్యానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అరవై ఒకటో ప్లేటు దగ్గర ముప్పై నాలుగు అని పడింది.

ఆమె ప్రోగ్రాం తప్పనుకుంది. మళ్ళీ నడిపింది. మళ్ళీ ముప్పై నాలుగే, మిగతా ప్లేట్లన్నీ సున్నాలే. అప్పుడు ఆ అంకె వైపు చూసింది. అరవై ఒకటి. ఆ లాబ్‌లో ఆ అంకెను ఎవరూ గట్టిగా పలకరు. మాస్టారి ఉద్యోగం పోగొట్టిన ప్లేటు అది.

*

ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాడు కాదు. ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ బొట్లు తీసే పిపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పించాడు కాబట్టి అందరికీ మాస్టారు. అరవై ఒకటో ప్లేటులో ఒకావిడకి “లేదు” అని రిపోర్టు వెళ్ళింది. ఆవిడ వేరేచోట పరీక్ష చేయించుకుంటే “ఉంది” అని వచ్చింది. ఇక్కడ ట్యూబులు తీసి మళ్ళీ చూశారు. సి నాలుగులో ఉండాల్సిన ఆవిడ ఎఫ్ తొమ్మిదిలో ఉంది, ఎఫ్ తొమ్మిదిలో ఉండాల్సిన మనిషి సి నాలుగులో ఉంది. రెండు ట్యూబులు తారుమారు. కాగితం మీద మాస్టారి సంతకం. రిపోర్టులు రెండూ సరిచేశారు, మాస్టార్ని మర్యాదగా పంపించేశారు. వెళ్ళే రోజు టీ, బిస్కట్లు ఇచ్చారు. ఆమె కప్పులు కడుగుతుంటే ఆయన దగ్గరికొచ్చి, “ఆ స్టూలు కాలు కురచ. కాగితం మడిచి పెట్టుకో, లేకపోతే చెయ్యి వణుకుతుంది” అని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండు ట్యూబులు అన్నారు. మరి ఈ ముప్పై నాలుగేమిటి?

మంగళవారం ఆమె గళ్ళ కాగితాలు రెండు తీసుకుంది. ఒకదాని మీద కాగితాల ప్రకారం మగవాళ్ళు పంతొమ్మిది మంది ఎక్కడున్నారో ఆ గళ్ళు నల్లగా నింపింది. రెండోదాని మీద డీఎన్ఏ ప్రకారం మగవాళ్ళున్న గళ్ళు నింపింది. రెండూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా పొంతన లేదు. విసుగొచ్చి రెండో కాగితాన్ని అవతలికి తోసింది. అది బల్ల మీద జారి తలకిందులుగా ఆగింది.

ఆమె దాన్ని అలాగే తెచ్చి మొదటి కాగితం మీద పెట్టి, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించింది. నల్ల గడి మీద నల్ల గడి. పంతొమ్మిదీ కలిసిపోయాయి. సి నాలుగు ఎక్కడుందో చూసింది. తిప్పిన కాగితంలో సరిగ్గా దాని కింద ఎఫ్ తొమ్మిది ఉంది.

ట్యూబులు మారలేదు. ప్లేటు మొత్తం తలకిందులుగా పెట్టి నింపారు. తిప్పినప్పుడు ప్రతి మనిషీ ఎదుటి మనిషితో స్థలం మార్చుకుంటాడు. మగా మగా, ఆడా ఆడా మారినచోట తేడా తెలియదు కాబట్టి ప్రోగ్రాంకి ముప్పై నాలుగే కనిపించాయి. అందుకే ఏ ఒక్క జతని పట్టుకుని చూసినా రెండు ట్యూబులే తారుమారైనట్టు ఉంటుంది. మొదటి గుంటా చివరి గుంటా ఎలాగూ ఖాళీలే, తిప్పినా ఖాళీల చోట ఖాళీలే ఉంటాయి. పక్కగదివాళ్ళకి అనుమానం రాలేదు. ఇంకో జతని చూడాలని ఎవరికీ తట్టలేదు. తప్పు దొరికింది, తప్పు చేసినవాడూ దొరికాడు, ఇంక వెతకడం ఎందుకు?

ఆ ప్లేటులో “ఉంది” అని వచ్చినవాళ్ళు ఏడుగురు. ఒక జతని అప్పుడే సరిచేశారు. ఇంకా ఆరు జతలున్నాయి. ఆరుగురు లేని జబ్బు భయంతో బతుకుతున్నారు. ఆరుగురు ఉన్నది లేదనుకుని నిశ్చింతగా తిరుగుతున్నారు. పేర్లు లేవు కాబట్టి ఆమెకు కనిపించేవి పన్నెండు గుంటలే. అయినా ఆ మధ్యాహ్నం నుంచి ఆ గుంటల్లోంచి ఎవరో తనవైపు చూస్తున్నట్టే ఉంది.

*

బుధవారం పొద్దున్నే ఆమె పాత కాగితాల గదికి వెళ్ళింది. మాస్టారి పరువు తిరిగి తేగలిగే ఆధారం ఏదైనా దొరుకుతుందని, నిజంగా ఆ ఆశతోనే వెళ్ళింది. ఆయన ట్యూబులు కలిపేసే మనిషి కాదని ఆమెకు ముందునుంచీ లోపల ఉంది. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. అంటే ఆ స్టూలు మీద తను కూర్చోవడం ఎబ్బెట్టుగా ఉండేది.

అరవై ఒకటో ప్లేటు కాగితం పసుపుపచ్చ ఫైల్లో దొరికింది. ప్లేటు పెట్టె మీది స్టిక్కరు కాగితానికి అంటించి ఉంది. ఎప్పుడూ వాడే కంపెనీ కాదు. అప్పట్లో ఒక్క పెట్టె వేరే కంపెనీది వచ్చిందనీ, మూత సరిగ్గా అంటడం లేదని వారంలోనే వెనక్కి పంపేశారనీ ఆమెకు లీలగా గుర్తొచ్చింది. “నింపినవారు” అన్నచోట మాస్టారి సంతకం. సంతకం పక్కన, గీత కింద, నీలం సిరాతో ఒక చుక్క.

ఆమె ఆ చుక్క మీద వేలు పెట్టింది. వేలు తీసింది. చుక్క అక్కడే ఉంది.

కొత్తగా చేరినవాళ్ళకి సంతకం చేసే హక్కు లేదు. వాళ్ళు నింపినా సంతకం మాస్టారిదే. ఎవరు నింపారో తనకి గుర్తుండటానికి ఆయన ఓ చుక్క పెట్టేవాడు. “పది చుక్కలవ్వనీ అమ్మడూ, అప్పట్నుంచి నీ సంతకం నువ్వే పెట్టుకుందువుగాని” అనేవాడు. ఆమె ఫైలు వెనక్కి తిప్పింది. అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది. చుక్కలు లేవు. ముందుకు తిప్పింది. అరవై మూడుకి ఉంది. అరవై నాలుగుకి ఉంది. లెక్కపెట్టింది. మొదటి చుక్క అరవై ఒకటిది.

అప్పుడు ఆ రోజు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఫ్రీజరు అలారం మోగుతోంది. మాస్టారు అటు పరిగెత్తుతూ తల తిప్పి, “నువ్వు పెట్టెయ్, ఏం భయం లేదు. కోసిన మూల ఎడమ చేతికి!” అన్నాడు.

సామాన్ల గదిలో అడుగు అరలో ఆ కంపెనీ ప్లేటు చేతికి తగిలేదాకా వెతికింది. వెనక్కి పంపిన పెట్టెలోంచి ఎవరో తీసి పెట్టుకున్న ప్లేటు ఒకటి, మూటగట్టిన, పిపెట్ కొనకి తొడిగే టిప్పుల పెట్టెల వెనక దుమ్ము కొట్టుకుని ఉంది. బల్ల మీద పెట్టుకుని చేతులకి పని అప్పజెప్పింది. చేతులు ఆలోచించలేదు. కోసిన మూలని వెతుక్కుని ఎడమకి తిప్పాయి. వంగి చూసింది. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ఆ కంపెనీవాడు ఎదురు మూల కోశాడు.

కాసేపటికి మేడం గదిలోకి ఆ రెండు గళ్ళ కాగితాలూ, ఫైలూ, ప్లేటూ తీసుకెళ్ళింది. మేడం అన్నీ చూసింది. చురుకైన మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు మేడం.”

“ఈ చుక్క సంగతి వదిలెయ్. పెన్ను ఆనితే పడే చుక్క. సంతకం ఆయనది.”

“మేడం, అది నా మొదటి ప్లేటు.”

“చూడమ్మా.” మేడం గొంతు తగ్గించింది. “ఆ రోజు విచారణ చేసింది నేను. రెండు ట్యూబులని రాసి సంతకం పెట్టింది నేను. ఇది పైకి తీస్తే నువ్వూ ఉండవు, నేనూ ఉండను. వద్దనట్లేదు. సోమవారం దాకా ఆగు. శుక్రవారం నీ అర్జీ వెళ్ళిపోనీ. నా ఉత్తరం రాసే ఉంది, ఒక్క నొక్కు నొక్కితే వెళుతుంది. సోమవారం ఇద్దరం కూర్చుని ఆ పన్నెండు మందినీ ఎలా పిలిపించాలో చూద్దాం. రెండేళ్ళు ఆగినవాళ్ళు అయిదు రోజులు ఆగలేరా?”

ఆమె బల్ల మీది ప్లేటుని దగ్గరికి లాక్కుంది.

“నువ్వు వ్యాసంలో రాసిన వాక్యం కూడా అబద్ధం కాదు” అంది మేడం. “నీ చేతి లెక్క నీ సంతకంతో మొదలవుతుంది. అంతకు ముందుది నీ లెక్క కాదు. ముందు గట్టెక్కు.”

మంచి మాటలా చెబితే ఎంత పెద్ద తప్పయినా చిన్న ఆలస్యంలా కనిపిస్తుంది. బయటికి వస్తుంటే ఆమెకు సిగ్గనిపించింది. ఆ సిగ్గు మేడం అడిగినందుకు కాదు. సోమవారం అన్న మాట చెవిన పడగానే తన ప్రాణం ఒక్క క్షణం తేలికపడినందుకు.

ఇంట్లో అమ్మ కిటికీ దగ్గర కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో కోటు చెయ్యి విప్పుతోంది. బట్టల దుకాణాలవాళ్ళు సైజు సరిచెయ్యమని పంపేవన్నీ అమ్మ దగ్గరికే వస్తాయి. కూతురు చదవబోయే చదువు పేరు అమ్మకి నోరు తిరగదు. ఎవరైనా అడిగితే “డాక్టర్లకి కంప్యూటరు, కంప్యూటర్లకి డాక్టరు” అని చెప్పి వాళ్ళని ఇంకో ప్రశ్న అడగనివ్వదు.

“ఏమైందే, మొహం అలా పెట్టావ్? ఆవిడ ఉత్తరం పంపనందా?”

“పంపుతానంది.”

“మరింకేం?”

“ఆ కోటు చెయ్యి ఎందుకు విప్పుతున్నావు?”

“కుడిది ఎడమకి కుట్టి చచ్చాను. తొడుక్కునేవాడికి తెలీదు, ఏదో పట్టేసినట్టుంది అనుకుంటాడంతే. వీపు సరిగా లేదేమోనని వాడి ఒంటిని వాడే తిట్టుకుంటాడు.” అమ్మ పళ్ళతో దారం తెంపింది. “కుట్టిందాన్ని నేనే, విప్పేదాన్నీ నేనే. ఇంకొకళ్ళు విప్పితే గుడ్డ చిరుగుతుంది.”

ఏం జరిగిందో అమ్మకి అప్పుడు చెప్పింది. అమ్మ మిషన్ ఆపి విన్నది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకుంది. అమ్మ అడిగింది ఒక్కటే. “ఆ పెద్దాయనకి తెలుసా?”

*

గురువారం సెలవు పెట్టి మాస్టారు పనిచేస్తున్న మొక్కల నర్సరీకి వెళ్ళింది. రెండేళ్ళలో అదే మొదటిసారి. ఊళ్ళో ఉన్న మనిషిని చూడ్డానికి రెండేళ్ళు తీరిక లేకపోయిందంటే ఎవరు నమ్ముతారు? తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉంది తప్ప, తనకేం తెలియదని ఇంక తనకి తను చెప్పుకోలేకపోయింది.

ఆకుపచ్చ నీడవల కింద మాస్టారు పొడుగు బల్ల ముందు నిలబడి నారు ట్రేల్లో విత్తనాలు వేస్తున్నాడు. నల్ల ప్లాస్టిక్ ట్రేలు, వరసలు వరసలుగా గుంటలు. ఒక్కో గుంటలో వేలితో చిన్న గొయ్యి చేసి, ఒక్కో విత్తనం వేసి, మట్టి కప్పుతున్నాడు. చిక్కిపోయాడు. చేతులు మాత్రం మునుపటిలాగే, తొందర లేకుండా కదులుతున్నాయి. పక్కన పేర్చిన ప్రతి ట్రేకీ ఒక మూల ఎర్ర రంగు పూసి ఉంది.

“ఈ రంగేంటి మాస్టారూ?”

ఆయన తలెత్తి, పోల్చుకుని, నవ్వాడు. “వచ్చావా అమ్మడూ! ఇది మా ఓనరు పుయ్యమన్లేదు. నా పిచ్చి. వంగ నారు ట్రే తిరగేసి పెడితే ఏమవుతుంది, వంగ మొక్కలే వస్తాయి. అయినా చెయ్యి ఊరుకోదు.” స్టూలు చూపించాడు. “కూర్చో. చదువుకి పెడుతున్నావటగా? మీ లాబ్ అటెండరు బస్సులో కనిపించి చెప్పాడు. ఎంత సంతోషమేసిందో.”

ఆమె కూర్చోలేదు. “మాస్టారూ, అరవై ఒకటో ప్లేటు నేను నింపింది.”

“తెలుసు.”

విత్తనం వేసే వేలు ఆగనైనా ఆగలేదు.

“తెలిసి ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమయ్యేది? చేరి నాలుగు నెలలు కాలేదు నువ్వు. తోలేసేవాళ్ళు. నాకంటే ఎలాగూ ఒళ్ళు సగం అరిగింది. సంతకం నాది, తప్పూ నాదే. రెండు ట్యూబులు ఎవరి చేతిలోనైనా మారతాయి.” ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది, దాచుకున్నది ఇన్నాళ్ళకి బయట పెడుతున్న గర్వం. “నువ్వు పైకి రావడమే నాకు చాలు. వెళ్ళి హాయిగా చదువుకో.”

ఆమెకు ఆ మన్నింపే కావాలి. దానికోసమే వచ్చింది. ఆ చేతులు పట్టుకుని ఏడ్చేసి, బస్సెక్కి వెళ్ళిపోతే ఎవరూ ఏమనరు. ఆయన కూడా సంతోషంగానే ఉంటాడు.

“రెండు కాదు మాస్టారూ” అంది. “తొంభై నాలుగు.”

సంచిలోంచి ప్లేటు తీసి విత్తనాల పక్కన పెట్టింది. ఆయన చేతులు తుడుచుకుని దాన్ని అందుకున్నాడు. ఆయన చేతులూ ఆలోచించలేదు. కోసిన మూలని ఎడమకి తిప్పాయి. ఆయన వంగి అక్షరాలు చూశాడు.

“నాకు రెండు ట్యూబులనే చెప్పారు” అన్నాడు చివరికి.

“రెండే చూశారు.”

“ఉంది అని వచ్చినవాళ్ళు ఇంకెంతమంది?”

“ఆరు జతలు. పన్నెండు మంది.”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె కోసం చూపించిన స్టూలు అది.

“ఆ రోజు నేను నోరు విప్పి, ఇది పిల్ల పెట్టింది అని ఒక్క మాట అనుంటే నిన్ను పిలిచేవాళ్ళు. ఎలా పెట్టావో చూపించమ్మా అనేవాళ్ళు. నువ్వు ఇదిగో, ఇలాగే చూపించేదానివి. అయిదు నిమిషాల్లో తేలిపోయేది.” ఆయన ప్లేటుని ఒళ్ళో పెట్టుకున్నాడు. “నిన్ను కాపాడానని రెండేళ్ళనుంచి నాకు నేనే దండేసుకుంటున్నా అమ్మడూ. మా ఆవిడక్కూడా చెప్పలేదు. చెప్తే పుణ్యం తరిగిపోతుందనుకున్నా. నీ ఒక్కదాన్నీ కాపాడ్డానికి పన్నెండు మందిని…”

నీడవల మీద గాలి కొట్టింది. ఆమెకు ఏడుపు వచ్చింది, కానీ ఏడవడానికి వచ్చిన చోటు ఇది కాదని తెలుస్తూనే ఉంది. ఆయన్ని నిర్దోషిని చెయ్యాలని బయల్దేరి, ఆయన దగ్గర మిగిలిన ఒకే ఒక్క మంచి పనిని లాగేసుకుంది.

“ఇప్పుడేం చేస్తావు?” అన్నాడాయన.

“మేడం సోమవారం దాకా ఆగమంది. రేపు అర్జీకి గడువు.”

“నువ్వేమంటావు?”

ఆమె ఆయన ఒళ్ళోంచి ప్లేటు తీసి సంచిలో పెట్టుకుంది. ఆయనే లేచి, సగం నింపిన ట్రేని పక్కకి జరిపి, దాని మూలకి ఎర్ర రంగు పూశాడు. “రేపు పొద్దున్న నేనూ వస్తాను. గేటు దగ్గర నన్ను లోపలికి రానివ్వకపోతే నువ్వొచ్చి తీసుకెళ్ళాలి” అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె వ్యాసం తెరిచి, “రెండేళ్ళుగా నా చేతి మీద” అన్న వాక్యం కొట్టేసింది. ఆ చోట రాసింది: “నేను సొంతంగా నింపిన మొదటి ప్లేటును తలకిందులుగా నింపాను. దానికి నాకు నేర్పిన మనిషి శిక్ష అనుభవించారు. ఈ ప్రోగ్రాం కనుక్కున్న ఒకే ఒక్క తప్పు నాది.” మళ్ళీ చదువుకుంటే ఇలాంటి మనిషిని ఎవరు చేర్చుకుంటారనిపించింది. అయినా మార్చలేదు. పంపేసింది.

*

శుక్రవారం తొమ్మిదింటికి తప్పు నివేదిక ఫారం నింపింది. “నింపినవారు” అన్నచోట తన సంతకం చేసింది. మేడం దగ్గరికి తీసుకెళ్ళలేదు. తీసుకెళితే మేడం ఏమంటుందో తెలుసు, తను వింటుందేమోనన్న భయమూ ఉంది. ఆస్పత్రి కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేయించుకుని, నకలు తెచ్చి మేడం బల్ల మీద పెట్టింది.

మేడం చదివింది. “సోమవారం అన్నానుగా” అంది. అంతే. తలుపు వేసుకుంది. ఆ తలుపు పదకొండున్నర దాకా తెరుచుకోలేదు. లోపల ఫోను రెండుసార్లు మోగింది, మేడం గొంతు “అవునండీ, నేనే సంతకం పెట్టాను” అనడం వినిపించింది.

మాస్టారు కుంటి స్టూలు మీద కూర్చోలేదు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గోడవారగా కూర్చున్నాడు. కుర్రవాళ్ళు వచ్చి పలకరిస్తుంటే ఇబ్బందిగా నవ్వుతూ, ఫ్రీజరు మీది తన కాగితం ఇంకా ఉండటం చూసి, “ఇంకా గట్టిగానే వేస్తున్నారన్నమాట” అన్నాడు.

పదకొండున్నరకి మేడం బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పన్నెండు పేర్లు, పన్నెండు ఫోను నంబర్లున్న కాగితం. మాస్టార్ని చూసి ఆగిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు. మేడం కాగితాన్ని ఆమె బల్ల మీద పెట్టింది.

“రమ్మని మాత్రం చెప్పు. మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వాలని చెప్పు. ఎందుకని అడిగితే డాక్టరుగారు చెబుతారను. మిగతాది నా నోటితో నేను చెబుతాను.”

మాస్టారు నంబరు చదువుతుంటే ఆమె నొక్కింది. మొదటి నంబరు పనిచెయ్యడం లేదు. రెండోది ఒక అల్లుడు ఎత్తి, “మా అత్తగారు ఊళ్ళో లేరు, రేపొస్తారు” అన్నాడు. మూడో ఆయన “లేదని రాసిచ్చారుగా, మళ్ళీ ఎందుకు” అని కసురుకుని, చివరికి వస్తానన్నాడు. నాలుగోది మోగి మోగి ఆగింది. ఒక్కో పేరు పక్కనా మాస్టారు గుండ్రటి అక్షరాలతో రాసుకుంటున్నాడు: రేపు. సోమవారం. మళ్ళీ చెయ్యాలి. ఏడో నంబరు ఎత్తిన అమ్మాయి “నాన్న పోయారు, పోయినేడు” అంది. దేనితో అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. మాస్టారు ఆ పేరు పక్కన ఏమీ రాయలేదు.

ఎత్తనివాళ్ళకి మళ్ళీ మళ్ళీ చేస్తూ, పనిచెయ్యని నంబర్లకి బదులు వెతుకుతూ సాయంత్రమైంది. అయిదు కావడానికి పావుగంట ఉందనగా ఒక్కసారి అర్జీ పేజీ తెరిచి చూసింది. మూడో ఉత్తరం ఎదురుగా “చేరింది” అని ఉంది. అందులో ఏముందో అర్జీదారుకి ఎప్పటికీ చూపించరు. తన గురించి మేడం ముందే రాసి ఉంచింది పంపిందో, ఈ రోజు కొత్తగా రాసిందో, మంచే రాసిందో, నిజమే రాసిందో. తెరిచున్న మేడం గది తలుపు వైపు చూసింది. మేడం అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“పన్నెండోది” అన్నాడు మాస్టారు. నంబరు చదివాడు.

ఎత్తినావిడ గొంతు మాస్టారికీ వినిపించేంత గట్టిగా కలకలలాడుతోంది. వెనకాల పిల్లలు గోల చేస్తున్నారు. “ఏ ఆస్పత్రి? ఓ, ఆ జన్యు పరీక్షదా! చెప్పమ్మా చెప్పు. ఒరేయ్ ఆగండ్రా, ఫోను!”

“మీరొకసారి వచ్చి మళ్ళీ రక్తం ఇవ్వాలమ్మా.”

“నాకింక రక్తమెందుకు తల్లీ? నాకు ఉందని చెప్పారు కదా మీరు. మా అమ్మ దాంతోనే పోయింది, పెద్దక్కా దాంతోనే పోయింది. అందుకని నేను ముందే జాగ్రత్తపడ్డాను. రెండు రొమ్ములూ, గర్భసంచీ, అన్నీ తీయించేసుకున్నా. ఏడాదిన్నరయింది. మొదట్లో అద్దం చూసుకోలేకపోయాననుకో. ఇప్పుడు బానే ఉన్నా. పిల్లల్ని చూసుకుంటున్నా, అది చాలు. మీరే గనక ఆ పరీక్ష చెయ్యకపోతే నేనూ వాళ్ళ దారే పట్టేదాన్ని. అప్పుడే వచ్చి చెబుదామనుకున్నా, వీలు పడలేదు. ఆ పరీక్ష ఏ తల్లి చేతి మీద జరిగిందో గానీ, ఆ చెయ్యి చల్లగుండాలి.”

మాస్టారి పెన్ను కాగితం మీద ఆనింది. ఆనినచోట చుక్క పడింది.

డాక్టరుగారు చెబుతారు, అనాలి. అలా అనమని మేడం చెప్పింది. ఆమె ఫోనుని రెండు చేతులా పట్టుకుంది.

“అమ్మా” అంది. “ఆ చెయ్యి నాది.”

“నీదా తల్లీ? అయితే నీతోనే మాట్లాడుతున్నానా!” అందావిడ సంతోషంగా. పిల్లల్ని మళ్ళీ కేకలేసి, ఆమె ఇంకేం చెబుతుందోనని ఆగింది.